‘సరే మేడమ్’ అంటాడు, మళ్ళీ అదే తప్పు. ఏం చేయాలి?

విభాగం: బెంగళూరు తెలుగువాళ్ళు / ఆఫీసు గోడు

ఒకటోతారీఖు · హొరమావు · మార్చి 4, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇక్కడ రెండేళ్ళుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక పేరోల్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. వేరే కంపెనీల ఉద్యోగులకు జీతాలు లెక్కకట్టి పంపడం మా పని. నా కింద ఎనిమిదిమంది. ఒకటో తారీఖున జీతం పడితే మేమనేవాళ్ళం ఉన్నట్టే ఎవరికీ తెలియదు. పడకపోతే లోకమంతా మా నంబరే వెతుకుతుంది.

టీమ్‌లో ఒక అబ్బాయి. హిందూపురం వైపు వాడు, రెండేళ్ళ అనుభవం. ఎదురు మాట్లాడడు, లీవులు పెట్టడు. కానీ నాలుగు నెలలుగా వాడి ఫైళ్ళలో తప్పులు పెరిగాయి. జనవరిలో 7, ఫిబ్రవరిలో 11. ఒకరికి సెలవు కోత రెండుసార్లు పడింది. నెల మధ్యలో చేరినవాడికి నెలంతా జీతం వెళ్ళిపోయింది. అన్నిటికన్నా పెద్దది, 640 మంది ఉన్న ఒక క్లయింట్‌కి ప్రొఫెషనల్ ట్యాక్స్ (జీతంలోంచి పట్టి రాష్ట్రానికి కట్టే వృత్తిపన్ను) తక్కువ పట్టాడు.

మూడుసార్లు కూర్చోబెట్టి చెప్పాను. నేనే ఒక చెక్‌లిస్ట్ తయారుచేసి ఇచ్చాను, 34 పాయింట్లు. ‘సరే మేడమ్’ అన్నాడు. ప్రతిసారీ అదే మాట. నెలాఖరు వచ్చిందంటే మూడు రోజులు వాడి ఫైళ్ళు నేనే రాత్రి రెండింటిదాకా సరిచూస్తున్నాను. ఇంట్లో మా అమ్మాయికి పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. నాకు పిచ్చెక్కుతోంది.

హెచ్చార్ వాళ్ళు పిప్‌లో పెట్టేయమంటున్నారు, అంటే ఇన్ని రోజుల్లో పని మెరుగుపడాలి, లేకపోతే ఉద్యోగానికే ముప్పు అని కాగితం మీద ఇచ్చే గడువు. నాకు మనసొప్పడం లేదు. వాడి పని వాడిదనుకుని వాడే సరిచేసుకునేలా చేయడం ఎలా? ‘ఓనర్‌షిప్ తీసుకోవాలి’ అని అందరూ అంటారు. తీసుకోనివాడితో ఏం చేయాలో ఒక్కరూ చెప్పరు.

సిల్క్‌బోర్డ్ సాక్షి · మార్చి 4, రాత్రి 11:52

34 పాయింట్లా అక్కా? హోమ్ లోన్‌కి కూడా నేను అన్ని సంతకాలు పెట్టలేదు.

పీణ్యా బాబాయ్ · మార్చి 5, ఉదయం 6:15

అమ్మా, కోప్పడకుండా విను. చెక్‌లిస్ట్ రాసింది నువ్వు. రాత్రి కూర్చుని సరిచూసేది నువ్వు. తప్పు బయటపడితే క్లయింట్‌కి సారీ చెప్పేది కూడా నువ్వే అయ్యుంటావు. ఇక వాడికి మిగిలిందేమిటి? ‘సరే మేడమ్’ ఒక్కటే మిగిలింది. పాపం, అదైనా తప్పు లేకుండా చేస్తున్నాడు.

నేను పీణ్యాలో మెషిన్ షాపు సూపర్‌వైజర్‌ని. కొత్తగా ఆ సీటెక్కినప్పుడు నేనూ ఇంతే. తొలిచిన రంధ్రం సైజు కొంచెం తేడా వస్తే పరుగెత్తుకెళ్ళి మెషిన్ సెట్టింగ్ నేనే మార్చేసేవాణ్ణి. కుర్రాళ్ళు చేతులు కట్టుకుని పక్కన నిలబడేవాళ్ళు. మా ఫోర్‌మన్ కన్నడాయన, ఒకరోజు నా చెయ్యి పట్టుకుని ఆపి ‘నీన్యాకప్పా మాడ్తీయా’ అన్నాడు. నువ్వెందుకయ్యా చేస్తావు అని. మర్నాటి నుంచి చేతులు జేబులో పెట్టుకుని నిలబడటం నేర్చుకున్నాను. లేత్ నేర్చుకోవడానికి ఏడాది పట్టింది, ఇది నేర్చుకోవడానికి మూడేళ్ళు పట్టింది.

హెచ్చార్ కూడా మనిషే · మార్చి 5, ఉదయం 9:50

నేనూ హెచ్చార్‌నే, మీ కంపెనీ కాదు లెండి. పిప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 11 తప్పుల్నీ ఒకే కుప్పగా చూడటం మానండి. ఒక్కో తప్పు పక్కన ఒక ప్రశ్న రాయండి: రేపు తన పెళ్ళి దీనిమీదే ఆధారపడి ఉంటే ఈ అబ్బాయి దీన్ని సరిగ్గా చేయగలడా?

చేయగలడు అంటే వాడికి పని వచ్చు. మళ్ళీ ట్రైనింగ్ ఇవ్వడం డబ్బు దండగ. చేయలేడు అంటే నేర్పాలి, లేదా కావలసినవి ఇవ్వాలి. ‘పని వచ్చు’ అన్నవాటి దగ్గర ఇంకో రెండు అడగండి. ఏది సరైనదో వాడికి ఎవరైనా చెప్పారా? సరిగ్గా చేస్తే వాడికి ఏమవుతుంది, తప్పు చేస్తే ఏమవుతుంది?

చివరిది సిల్లీగా అనిపిస్తుంది కానీ అసలు సంగతి అక్కడే ఉంటుంది. మా దగ్గర ఒకమ్మాయి ఫైళ్ళు అందరికన్నా ముందే, తప్పు లేకుండా ముగించేది. దానికి బహుమానం ఏమిటంటే పక్కవాడి ఫైళ్ళు. ఆర్నెల్లకి ఆమె కూడా అందరిలాగే నిదానమైపోయింది. మేనేజర్‌కి ఆశ్చర్యం, నాకు కాదు.

ఆ ప్రొఫెషనల్ ట్యాక్స్ కథ కాస్త వివరంగా చెప్తారా?

ఒకటోతారీఖు · మార్చి 5, మధ్యాహ్నం 1:30

కర్ణాటకలో నెలకు 25 వేలు, ఆపైన జీతం ఉంటే నెలకు 200 పట్టాలి. 2025 ఏప్రిల్ నుంచి నియమం మారింది, ఫిబ్రవరి ఒక్క నెలకు 300. ఎందుకంటే రాజ్యాంగంలోని 276వ అధికరణ ప్రకారం ఈ పన్ను ఏడాదికి 2,500 దాటకూడదు. నెలకు 200 చొప్పున 2,400 వస్తోంది కదా, ఆ మిగిలిన వంద కూడా వదలకుండా ఫిబ్రవరికి తగిలించారు. మార్పు వచ్చాక మొదటి ఫిబ్రవరి ఇదే. ఆ క్లయింట్ దగ్గర 25 వేలు దాటినవాళ్ళు 510 మంది. తలకో వంద, 51 వేలు తేడా. మిగతా టీమ్ వాళ్ళవి ఎక్కువగా హైదరాబాద్, చెన్నై క్లయింట్లు, వాళ్ళకి ఈ గొడవ లేదు.

పీణ్యా బాబాయ్ · మార్చి 5, మధ్యాహ్నం 2:05

ఈ మార్పు వాడికి ఎవరు చెప్పారమ్మా?

సిల్క్‌బోర్డ్ సాక్షి · మార్చి 5, సాయంత్రం 5:40

అక్క సైలెంట్ అయిపోయింది. బాబాయ్, గట్టి చోటే నొక్కినట్టున్నారు.

ఒకటోతారీఖు · మార్చి 5, రాత్రి 10:15

మీటింగుల్లో ఉన్నాను. అబద్ధం. మెయిల్ వెతుకుతున్నాను.

పోయిన ఏప్రిల్‌లో సర్క్యులర్ నాకే వచ్చింది. ‘ఫిబ్రవరిలో కదా’ అనుకుని స్టార్ పెట్టుకున్నాను. టీమ్‌కి పంపలేదు. నేను స్వయంగా చూసే ఇద్దరు క్లయింట్లకి మాత్రం 300 సరిగ్గానే పట్టాను. వాడి ఫైలు రాత్రి రెండింటికి నేనూ చూశాను, చెకర్‌గా సంతకం నాదే. నాకూ కనబడలేదు.

రేపు పొద్దున్నే మా మేనేజర్‌కి, క్లయింట్‌కి మెయిల్ పెడతాను, ఇది నా తప్పని. ఇంకా పది ఉన్నాయి. అవి కూడా నావే అనకండి దయచేసి.

పిప్‌లోంచి బయటపడ్డవాడు · మార్చి 5, రాత్రి 11:30

అక్కా, మీరు ఆ మెయిల్ పెడుతున్నందుకు దండం. ఇప్పుడు అవతలి పక్క నుంచి కూడా వినండి.

వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాకు ‘ఈ మాడ్యూల్ నీది, నువ్వే ఓనర్’ అన్నారు. అది నడుస్తున్నప్పుడు ఎక్కడ తప్పుతోందో చూపించే లాగ్స్‌కి యాక్సెస్ ఇవ్వలేదు. అడిగితే టికెట్ పెట్టమన్నారు. ఆ టికెట్ అప్రూవ్ చేయాల్సింది ‘నువ్వే ఓనర్’ అన్న పెద్దమనిషే. బగ్స్ తగ్గడం లేదని 60 రోజుల పిప్ ఇచ్చారు. యాక్సెస్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 41వ రోజున.

మా తాత కౌలు చేసేవాడు. పొలం కౌలుకిచ్చి, మోటారు షెడ్డు తాళం మాత్రం తన బొడ్లో దోపుకుని, పైరు ఎండితే కౌలుదారుణ్ణి తిట్టే భూస్వాములుండేవారట. ఆఫీసుల్లో ‘ఓనర్‌షిప్’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ తాళమే గుర్తొస్తుంది.

హెచ్చార్ కూడా మనిషే · మార్చి 6, ఉదయం 10:10

మీకు జరిగింది అన్యాయమే. కానీ పిప్ అంటేనే కుట్ర అనుకోకండి. కొందరికి మెత్తగా చెబితే అసలు విషయం ఎంత సీరియస్సో అర్థం కాదు. కాగితం మీద చూశాక మారినవాళ్ళు ఉన్నారు.

పిప్‌లోంచి బయటపడ్డవాడు · మార్చి 6, ఉదయం 10:18

ఎంతమంది? మీ చేతుల మీదుగా వెళ్ళినవాళ్ళలో చెప్పండి.

హెచ్చార్ కూడా మనిషే · మార్చి 6, ఉదయం 11:40

సగం కన్నా తక్కువే. చాలామంది మేనేజర్లు నిర్ణయం ముందే తీసేసుకుని, ఫైల్ కోసం పిప్ అడుగుతారు. నేను సంతకాలు పెట్టాను కూడా. సరేనా?

అంబత్తూరు ఎస్టేట్ · చెన్నై · మార్చి 6, రాత్రి 8:20

చెన్నై నుంచి దూరుతున్నాను, తరిమేయకండి. అంబత్తూరులో ఆటో పార్టుల చిన్న యూనిట్‌లో క్వాలిటీ చూస్తాను. మా పక్కనే పాడిలోని సుందరం క్లేటన్ పేరు వినే ఉంటారు, నాణ్యతకి జపాన్ వాళ్ళిచ్చే డెమింగ్ ప్రైజ్‌ని 1998లో తెచ్చుకున్న మొదటి భారతీయ కంపెనీ. అందుకని ఈ చుట్టుపక్కల సప్లయర్లందరికీ ఆ డెమింగ్ గారి (జపాన్ వాళ్ళకి నాణ్యత పాఠాలు చెప్పిన అమెరికా ఆయన) పాఠాలు ఎంతో కొంత అంటుకున్నాయి.

ఆయన క్లాసులో ఒక ఆట ఆడించేవాడు. పెట్టెలో 4,000 పూసలు, 3,200 తెల్లవి, 800 ఎర్రవి. పనివాళ్ళు 50 గుంటలున్న చెక్కతో పూసలు తోడాలి. ఎర్రపూస వస్తే లోపం కింద లెక్క. ఒకడికి 7 వస్తాయి, ఒకడికి 13. తక్కువ వచ్చినవాణ్ణి పొగుడుతారు, ఎక్కువ వచ్చినవాడికి వార్నింగ్. మర్నాడు తారుమారవుతుంది. పెట్టెలోనే అయిదో వంతు ఎర్రపూసలున్నాయి కదా, తోడేవాడు ఏం చేస్తాడు? చూసేవాళ్ళకి నవ్వొస్తుంది, కాసేపటికి మన ఆఫీసే గుర్తొస్తుంది.

ఇంకోటి, తనిఖీ మీద ఆధారపడటం మానండని కూడా ఆయన మొత్తుకున్నాడు. అక్కయ్య రాత్రి రెండింటి తనిఖీ చదవగానే అదే తట్టింది. వెనక చూసేవాళ్ళు ఒకరున్నారని తెలిశాక, ముందు చేసేవాడి కన్ను అరమోడ్పు అవుతుంది.

గోంగూర మెస్ · మారతహళ్ళి · మార్చి 7, మధ్యాహ్నం 3:45

మధ్యాహ్నం రష్ అయిపోయింది, ఇప్పుడు కూర్చున్నా. అందరూ పెద్దపెద్ద కంపెనీల కథలు చెప్తున్నారు, నాది నలభై మంది కూర్చునే మెస్సు.

ఎర్రపూసలు బాగానే ఉంది కానీ అన్నీ పెట్టె తప్పులే అంటే మాబోటివాళ్ళం షట్టర్ దించుకోవాలి. మా దగ్గర ఒకడు నూనె డబ్బాలు బయటికి దాటించేవాడు. దాన్ని ఏ పెట్టె మీదికి తోస్తారు? పంపించేశాను, అంతే.

కానీ అన్నం సంగతి వేరు. రాత్రిపూట రోజూ పది పన్నెండు కిలోల అన్నం మిగిలేది. వంటమాస్టర్ ఒంగోలు వైపాయన, నాకన్నా పెద్ద. రోజూ అరిచేవాణ్ణి. ‘సరే అన్నా’ అనేవాడు, నన్ను అన్నా అనడం ఏమిటో. రేపూ అంతే మిగిలేది. ఒకరోజు విసుగొచ్చి గోడకి పిల్లల పలక ఒకటి తగిలించా. బియ్యం ఎన్ని కిలోలు పోశారు, ఎంతమంది తిన్నారు, ఎంత మిగిలింది, ఈ మూడూ మీరే రాయండి, నేను చూడను అన్నా. నిజంగానే చూడలా. అంటే, ఆయన పడుకున్నాక చూసేవాణ్ణి.

పదోరోజో పన్నెండోరోజో ఆయనే వచ్చాడు. ‘అన్నా, శుక్రవారం రాత్రి పిల్లకాయలు సగంమంది ఊరి బస్సులెక్కుతున్నారు. శుక్రవారం ఒక డేగిసా తగ్గిద్దాం. ఆదివారం రాత్రి తిరిగొచ్చి ఆకలిమీద ఉంటారు, ఆ రోజు పెంచుదాం.’ ఇది నాకు తెలియదా? నాకు రెండేళ్ళ ముందే తెలుసు! చెప్పాను కూడా! కానీ నేను చెప్పినప్పుడు అది నా లెక్క. ఇప్పుడు ఆయన లెక్క. శుక్రవారం అన్నం చాలక ఇద్దరు తిరిగి వెళ్ళిపోతే నాకన్నా ముందు ఆయనే బాధపడుతున్నాడు.

సిల్క్‌బోర్డ్ సాక్షి · మార్చి 7, సాయంత్రం 4:10

అన్నా, మీ మెస్ ఎక్కడో లొకేషన్ పెట్టండి. ఆదివారం రాత్రి వస్తా.

మోడరేటర్ · మార్చి 7, సాయంత్రం 6:00

‘లీడర్‌షిప్ కోర్సు, ఉగాది ఆఫర్’ అన్న ప్రకటన తీసేశాం. మళ్ళీ పెడితే ఖాతా ఆపేస్తాం. మెస్ లొకేషన్లు తిండి విభాగంలో అడగండి.

లింగంపల్లి రిటైర్డ్ · సర్జాపుర · మార్చి 8, ఉదయం 5:30

కొడుకు దగ్గరికి వచ్చి సర్జాపుర రోడ్డులో ఉంటున్నాను. పొద్దున్నే లేచి మీ చర్చ అంతా చదివాను. మంచి ప్రశ్న వేశావు తల్లీ.

మీరు ఇప్పుడు కొత్తగా మాట్లాడుకుంటున్నది మా రోజుల్లో క్వాలిటీ సర్కిల్స్ అనేవాళ్ళం. జపాన్‌లో 1962లో మొదలయ్యాయి. మన దేశంలో మొదట పెట్టింది మన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో, 1980లో. తర్వాత రెండేళ్ళకే హైదరాబాద్ కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా కూడా వచ్చింది. నేను వేరే ఫ్యాక్టరీలో ఉండేవాణ్ణి, మాకూ ఆ గాలి సోకింది. ఒకే చోట పనిచేసే ఎనిమిది పదిమంది, వారానికి ఓ గంట, ఇష్టమైనవాళ్ళే కూర్చునేవాళ్ళు. సమస్యను వాళ్ళే ఎంచుకోవాలి, కారణం వాళ్ళే వెతకాలి, పరిష్కారం వాళ్ళే మేనేజ్‌మెంట్ ముందు చెప్పాలి. కాలర్ చొక్కా ఎప్పుడూ వేసుకోని వెల్డర్లు జనరల్ మేనేజర్ ముందు బోర్డు మీద గీతలు గీసి చెప్తుంటే చూడాలి!

మా దగ్గర అది ఎలా చచ్చిపోయిందో కూడా చెప్తాను. డిపార్ట్‌మెంట్‌కి ఏడాదికి ఇన్ని సలహాలు రావాలని పైనుంచి టార్గెట్ పెట్టారు. అంతే, సమస్యలు సూపర్‌వైజర్లు ఎంచడం మొదలైంది, సలహాలు రాత్రికి రాత్రి పుట్టడం మొదలైంది. ‘టాయిలెట్‌లో సబ్బు పెట్టాలి’ అనే సలహా మూడేళ్ళు వరసగా బహుమతి కొట్టింది. సబ్బు మాత్రం రాలేదు.

నీకు నా మాట ఒక్కటే. ఆ అబ్బాయిని కూర్చోబెట్టి ప్రశ్న అడిగాక నోరు మూసుకో. మనసులో పది లెక్కపెట్టు, చాలకపోతే ఇరవై. ఆ ఖాళీని నువ్వు నింపావంటే మళ్ళీ పని నీదే. రెండోది, ‘ఇకమీద జాగ్రత్తగా ఉంటాను మేడమ్’ అంటాడు చూడు, దాన్ని జవాబుగా ఒప్పుకోకు. నిన్న వాడు అజాగ్రత్తగా ఉందామని ఆఫీసుకి రాలేదు కదా.

హెచ్చార్ కూడా మనిషే · మార్చి 8, ఉదయం 9:05

తాతగారి మాటకు ఒకటి కలుపుతాను. ‘నీ సమస్య ఏంటి’ అని మొదలుపెట్టకండి. తప్పుల లిస్టు, తేదీలతో, ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టండి. ‘ఇందులో నీకేం కనిపిస్తోంది’ అనండి. చివర్లో మూడు విషయాలు వాడి నోటితోనే రావాలి: ఏం మారుస్తాడు, మారిందని ఎలా తెలుస్తుంది, మళ్ళీ ఎప్పుడు కూర్చుందాం. రాసుకునేది కూడా వాడే, మీరు కాదు.

ఒకటోతారీఖు · మార్చి 12, రాత్రి 9:30

మాట్లాడాను. మీటింగ్ రూమ్‌కి పిలిస్తే వాడి ముఖం మాడిపోతుందని కింద దర్శినికి, అదే నిలబడి తినే టిఫిన్ హోటల్‌కి తీసుకెళ్ళాను. నిలబడి కాఫీ తాగుతూ అడుగుదామనుకుంటే, పక్కన బైక్ హెల్మెట్ల వాళ్ళ గోల. చివరికి మెట్ల మీద కూర్చున్నాం.

ముందు ప్రొఫెషనల్ ట్యాక్స్ తప్పు నాదని చెప్పాను. నమ్మలేనట్టు చూశాడు. తర్వాత లిస్టు ఇచ్చి ‘నీకేం కనిపిస్తోంది’ అన్నాను. ‘ఇకమీద జాగ్రత్తగా ఉంటాను మేడమ్.’ తాతగారూ, అచ్చం అదే మాట! నవ్వాపుకుని, జాగ్రత్త పక్కన పెట్టు, లిస్టు చూడు అన్నాను. లెక్కపెట్టాను. పది అయిపోయింది, ఇరవై అయిపోయింది. ముప్ఫై రెండు దగ్గర నోరు విప్పాడు.

‘ఇందులో ఆరు రాత్రి వాట్సాప్‌వి మేడమ్.’

సంగతేమిటంటే, క్లయింట్ హెచ్చార్ ఆవిడ కటాఫ్ (మార్పులు పంపే గడువు) అయ్యాక కూడా రాత్రి పదింటికి నాకు మెసేజ్ పెడుతుంది, ‘ఇతనికి రెండు రోజుల కోత కలపండి’ అని. నేను వాడికి ‘ఇది కలిపేయ్’ అని ఫార్వర్డ్ చేస్తాను. అది అప్పటికే షీట్‌లో ఉందో లేదో నాకూ తెలియదు, వాడికీ తెలియదు. రెండుసార్లు కోత పడేది అందుకే. ‘మరి నాకెందుకు చెప్పలేదు’ అన్నాను. ‘మీరు కలిపేయ్ అన్నారు కదా మేడమ్’ అన్నాడు.

మిగిలిన నాలుగూ నెల మధ్యలో చేరినవాళ్ళవి. అవి పూర్తిగా వాడివే, అలా అని వాడే చెప్పాడు. ఎందుకొచ్చాయి అంటే నేల చూపులు చూస్తూ ‘నేను మళ్ళీ చూడలేదు మేడమ్. రాత్రికి మీరు చూస్తారు కదా అని’ అన్నాడు.

అంబత్తూరు అన్నయ్యా, మీ అరమోడ్పు కన్ను ఇదేనేమో. ఇంటికొచ్చి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. వాడికోసం నిద్ర మానుకుంటున్నానని ఇన్నాళ్ళూ నేను అనుకుంటున్నది.

వాడు చెప్పినవి: ఒకటి, 23వ తారీఖు సాయంత్రం ఆరు తర్వాత వచ్చిన మార్పులు ఈ నెల తీసుకోడు, వచ్చే నెల ఎరియర్స్‌లో, అంటే పాత నెల సర్దుబాట్లలో వేస్తాడు. ఆ మాట క్లయింట్‌కి తనే ఫోన్ చేసి చెప్తాడు. రెండు, కొత్తగా చేరినవాళ్ళ లెక్కలు నేను చూడకూడదట! పక్క సీటు అమ్మాయివి వీడు, వీడివి ఆ అమ్మాయి చూస్తారట. మూడు, నా 34 పాయింట్లలో 27 కొట్టేసి 7 ఉంచుకున్నాడు. నాకు కొంచెం రోషం వచ్చిన మాట నిజం.

ఆ క్లయింట్ మాకు పెద్ద క్లయింట్. వాడిచేత ‘కుదరదు’ అనిపించాలా? అదే టెన్షన్.

పిప్‌లోంచి బయటపడ్డవాడు · మార్చి 12, రాత్రి 9:48

తాళం ఇవ్వండి అక్కా. ఇప్పుడు ఇవ్వకపోతే ఆ మెట్ల మీద మాటలన్నీ వృథా.

గోంగూర మెస్ · మార్చి 12, రాత్రి 11:15

ఇవ్వు గానీ ముందు ఆ క్లయింటమ్మకి నువ్వు ఒక మాట చెప్పు. మా మాస్టర్ శుక్రవారం అన్నం తగ్గించిన రోజు నేను గల్లాపెట్టె దగ్గర లేకుండా పోయి ఉంటే, కస్టమర్లు ఆయన్ని పీకి పందిరేసేవాళ్ళు.

హెచ్చార్ కూడా మనిషే · మార్చి 13, ఉదయం 9:30

అవును, క్లయింట్‌కి మీ పేరుతో మెయిల్ వెళ్ళాలి: కటాఫ్ విషయంలో ఇకమీద నిర్ణయం ఇతనిదే అని, అతన్ని కూడా కాపీలో పెట్టి. మీ మేనేజర్‌కి ముందే చెప్పండి, లేకపోతే క్లయింట్ నేరుగా ఆయనకే ఫోన్ కొడుతుంది.

పీణ్యా బాబాయ్ · మార్చి 13, రాత్రి 7:50

మన బిడదిలో టొయోటా ఫ్యాక్టరీ ఉంది కదా. టొయోటా లైన్లలో పనివాడి తల మీద తాడు ఉండే పద్ధతి ఒకటుంది, ఆండన్ అంటారు. తేడా కనిపిస్తే ఎవడైనా లాగచ్చు. లాగంగానే లైన్ ఆగదు, ముందు టీమ్ లీడర్ పరుగెత్తుకొస్తాడు. ఆ బండి తన స్టేషన్ దాటేలోపు సరిచేయలేకపోతేనే ఆగుతుంది. దీనికి మూలం మగ్గమే. ఆ కంపెనీ మూలపురుషుడు సాకిచి టొయోడా, దారం తెగితే దానంతటదే ఆగిపోయే మగ్గం చేశాడు. కారు కంపెనీ ఆ తర్వాత సంగతి. ధర్మవరం వాళ్ళకి చెబితే వెంటనే అర్థమవుతుంది, తెగిన పోగుతో నేసుకుంటూ పోతే చీర అంతా పోతుంది.

ఇక్కడ కీలకం తాడు కాదమ్మా. లాగినవాణ్ణి ఒక్కసారి కసిరారనుకో, ఆ తాడు ఇక బట్టలారేసుకోవడానికే. మీ వాడు 23న తాడు లాగబోతున్నాడు. నువ్వు ఎలా పరుగెత్తుకొస్తావో టీమంతా చూస్తూ ఉంటుంది, వాడొక్కడే కాదు.

సిల్క్‌బోర్డ్ సాక్షి · మార్చి 19, ఉదయం 8:00

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. వేపపువ్వు దొరకలేదు, అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో అడిగితే ముగ్గురు పంచాంగం పీడీఎఫ్ పంపారు. అక్కా, 23న ఏం జరిగిందో వచ్చి చెప్పాలి, మేమంతా ఇక్కడే ఉంటాం.

అంబత్తూరు ఎస్టేట్ · మార్చి 19, ఉదయం 9:10

శుభాకాంక్షలు. చిన్న హెచ్చరిక కూడా. ఆ పక్క సీటు అమ్మాయితో మార్చుకోవడం నాకు అంత నమ్మకంగా లేదు. ఇద్దరు స్నేహితులు ఒకరి ఫైలు ఒకరు చూసుకుంటే అది తనిఖీ కాదు, మొహమాటం.

ఒకటోతారీఖు · ఏప్రిల్ 2, రాత్రి 10:05

ఆలస్యానికి క్షమించండి. నెలాఖరు ముగిసింది.

23 సాయంత్రం బాగానే గడిచింది. 24 ఉదయం పదింటికి క్లయింట్ హెచ్చార్ ఆవిడ నాకు ఫోన్ చేసింది. ‘మీ జూనియర్ కుర్రాడు మాకు కుదరదు అంటున్నాడు, మీరు కొంచెం చూడండి.’ ముగ్గురి కోతలు. నాకు పది నిమిషాల పని. ‘పంపండి మేడమ్, చూస్తాను’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఒట్టు. పీణ్యా బాబాయ్ తాడు గుర్తొచ్చింది. ‘అది ఆయన చూస్తున్నారు మేడమ్, ఆయన చెప్పిందే’ అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ‘సరే, ఎరియర్స్‌లో వేయమనండి’ అంది. నేను ఇన్నాళ్ళు భయపడింది దీనికా!

మార్చి లెక్క: 4 తప్పులు. వాట్సాప్‌వి సున్నా. నాలుగులో రెండు కొత్తగా చేరినవాళ్ళవి, అంబత్తూరు అన్నయ్య అన్నంత పనీ అయింది. ఇద్దరూ ఒకరి ఫైలు ఒకరు పది నిమిషాల్లో సంతకం చేసేశారు. ఈసారి నేను కనిపెట్టలేదు, వాడే 31న పట్టుకుని వచ్చి చెప్పాడు, జీతాలు వెళ్ళే లోపే. ఇకమీద ఆ అమ్మాయికి తన జవాబు చూపించకుండా, ఆమెచేత విడిగా లెక్క వేయించి రెండూ పోలుస్తాడట. మిగతా రెండూ ఏమిటో ఇంకా తేలలేదు.

పిప్ రద్దు కాలేదు. జూన్ దాకా ఆగమన్నాను, మా హెచ్చార్ అయిష్టంగా ఒప్పుకున్నారు. ప్రొఫెషనల్ ట్యాక్స్ తేడా ముందు మా కంపెనీ కట్టింది, క్లయింట్ ఒప్పుకున్నాక మార్చి జీతాల్లో సర్దాం. ఆ మెయిల్ పెట్టినందుకు మా మేనేజర్ నాతో రెండు రోజులు ముభావంగా ఉన్నారు.

గోంగూర మెస్ · ఏప్రిల్ 2, రాత్రి 11:20

ఒకటి గమనించావా అమ్మా. మొన్నటిదాకా ‘వాడు’. క్లయింట్ దగ్గర ‘ఆయన’.

ఒకటోతారీఖు · ఏప్రిల్ 2, రాత్రి 11:28

మీరు చెప్పేదాకా గమనించలేదు. ఇక్కడ మాత్రం వాడే లెండి, నాకన్నా పదిహేనేళ్ళు చిన్న.

హెచ్చార్ కూడా మనిషే · ఏప్రిల్ 3, ఉదయం 9:40

ఆ రెండు తేలని తప్పులు మీరు వెతకడం మొదలుపెట్టలేదు కదా?

ఒకటోతారీఖు · ఏప్రిల్ 3, ఉదయం 10:02

నిన్న రాత్రి ఫైలు తెరిచాను. తెరిచిన రెండు నిమిషాలకే వాడి మెసేజ్: ‘మేడమ్, షీట్‌లో మీ పేరు కనిపిస్తోంది. నేను చూస్తున్నాను, మీరు పడుకోండి.’ కొంచెం కోపం వచ్చింది. మూసేశాను.